ప్రోగ్రామును ఎఫ్‌పీజీఏకు మార్చే ముందు వేగాన్ని ఎలా అంచనా వేయాలి?

తిరుపతికి దగ్గరలోని గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉంది. దానికి అందే బలహీనమైన ప్రతిధ్వనుల నుంచి గాలి వేగం రాబట్టాలంటే ఎఫ్‌ఎఫ్‌టీ లెక్కలు, అంటే సంకేతంలో ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో విడదీసే లెక్కలు చేయాలి. ఇక్కడి విద్యార్థులు అలాంటి ప్రోగ్రామును ఎఫ్‌పీజీఏ మీదికి, అంటే లోపలి సర్క్యూటును మళ్లీ మళ్లీ మార్చుకోగల చిప్పు మీదికి తేవాలనుకుంటే, ఆ సర్క్యూటును వర్ణించే వెరిలాగ్ భాషలో రాయడానికి నెలలు పట్టవచ్చు. అంతకు ముందు ఒక సాయంత్రం కాగితం మీద లెక్క వేయండి.

మొదట ప్రొఫైలర్ (ప్రోగ్రాములో ఏ భాగానికి ఎంత సమయం పడుతోందో కొలిచే సాధనం) నడిపి సమయం ఎక్కడ పోతోందో చూడండి. 80 శాతం ఎఫ్‌ఎఫ్‌టీలోనే పోతుంటే, దాన్ని ఎంత వేగంగా చేసినా మిగతా 20 శాతం అలాగే ఉంటుంది కాబట్టి మొత్తం ప్రోగ్రాము 5 రెట్లకు మించి వేగపడదు.

తర్వాత ఒక్క బ్లాకు లెక్క. 1024 బిందువులు, ఒక్కోటి 4 బైట్లు (16 బిట్ల అంకెలు రెండు), కంప్యూటర్లో 50 మైక్రోసెకన్లు అనుకుందాం. 100 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో, క్లాక్‌కు ఒక బిందువు చొప్పున మింగే పైప్‌లైన్‌కు (దశలన్నీ ఒకేసారి పనిచేసే సర్క్యూటుకు) 10.24 మైక్రోసెకన్లు చాలు. చాలామంది ఇక్కడే సంబరపడి ఆగిపోతారు. నన్నడిగితే అసలు లెక్క ఇక్కడే మొదలవుతుంది.

డేటా చిప్పులోకి వెళ్లి రావాలి కదా! కంప్యూటరుకూ చిప్పుకూ మధ్య డేటా మోసే దారిని బస్సు అంటారు. దాని సామర్థ్యం సెకనుకు 1 గిగాబైటు అని రాసి ఉన్నా, చిన్న ముక్కలకు 40 శాతమే దక్కిందనుకోండి. రానూపోనూ 20.48 మైక్రోసెకన్లు. రెండూ కలిపితే లాభం 1.6 రెట్లే. రెండు బఫర్లు (డేటాను తాత్కాలికంగా ఉంచే చోట్లు) పెట్టి, ఒక బ్లాకు లెక్క సాగుతుండగా మరో బ్లాకు రవాణా జరిపితే పెద్ద సమయం ఒక్కటే మిగులుతుంది: 2.4 రెట్లు. ఇప్పుడు క్లాక్ పెంచినా ప్రయోజనం సున్నా. 64 బ్లాకులు కలిపి పంపితే బస్సు 80 శాతం పనిచేసిందనుకుందాం, అప్పుడు ఎఫ్‌ఎఫ్‌టీకి 4.9 రెట్లు, మొత్తం ప్రోగ్రాముకు దాదాపు 2.7. అందుకే బస్సు వేగాన్ని పుస్తకం చూసి రాసుకోకండి, మీ బ్లాకు సైజుతో కొలవండి.

కచ్చితత్వాన్నీ ముందే చూడాలి. 1024 బిందువుల ఎఫ్‌ఎఫ్‌టీలో 10 దశలు. ఒక్కో దశకు ఒక బిట్టు దాకా విలువ పెరగవచ్చు. 16 బిట్లలోనే ఇరికించడానికి ప్రతి దశలో కుదిస్తే బలహీనమైన ప్రతిధ్వని గుండుసున్నా కావచ్చు. సీ భాషలో ఆ కుదింపును అనుకరించి ఫలితాలు పోల్చండి.

ఇక చిప్పులో గుణకారాలు చేసే సర్క్యూట్లు, మెమొరీ సరిపోతాయా లెక్కించండి. చిప్పు నిండేకొద్దీ వైర్లకు దారి దొరక్క క్లాక్ తగ్గుతుంది. 50 మెగాహెర్ట్జే దక్కితే 4.9 కాస్తా మళ్లీ 2.4 అవుతుంది. ఆ అంకె కూడా మీకు చాలనిపిస్తేనే వెరిలాగ్ ఫైలు తెరవండి.