ప్రాగ్ కోటకి ఎక్కకండి, పైనుంచి దిగండి

మన పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి చదువుకునే పిల్లల్ని చూడ్డానికి యూరప్ వెళ్ళే అమ్మానాన్నలకి మోకాళ్ళే పెద్ద టెన్షన్. పాత ఊళ్ళన్నీ మెట్లు, రాళ్ళు పరిచిన వీధులు. పిల్లలు మ్యాప్ చూసి "దగ్గరే అమ్మా" అంటారు, ఎత్తు సంగతి చెప్పరు.

చెక్ దేశం రాజధాని ప్రాగ్‌లో మా అమ్మాయి నన్ను తిప్పిన పద్ధతి ఇది. నేషనల్ థియేటర్ దగ్గర 22వ నంబర్ ట్రామ్ ఎక్కి, కోట స్టాప్ దాటాక వచ్చే పోహోర్జెలెట్స్‌లో దిగాలి. 30 నిమిషాల టికెట్ చాలు. కాగితం టికెట్ అయితే ట్రామ్‌లో ఉండే పసుపు రంగు మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. అక్కణ్ణుంచి దాదాపు అంతా పల్లమే. ముందు కోట, లోపల సెయింట్ వైటస్ చర్చి, తర్వాత నెరుదోవా వీధి, కింద 1357లో పునాది వేసిన చార్లెస్ వంతెన. చీర మీదకైనా సరే, షూ వేసుకోండి. ఎవరూ చూడరు.

వాన పడితే మాత్రం ఇది పనిచేయదు. తడి రాళ్ళ మీద ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఆ రోజు కోట చూసి అదే ట్రామ్‌లో వెనక్కి వచ్చేయండి.