కొత్త లెన్సులతో మసకగా ఉందా? ముందు ఒక కన్ను మూసి చూడండి

విజయనగరంలో ఒక కళ్లద్దాల దుకాణంలో కంటి పరీక్షలు చేస్తుంటాను. మొదటిసారి కాంటాక్ట్ లెన్సులు తీసుకున్నవారు నాలుగు రోజులు తిరగకుండానే ఫోను చేస్తారు. "అంతా మసకగా ఉందండీ, పవర్ తప్పు ఇచ్చారేమో చూడండి" అంటారు. పవర్ తప్పే కావచ్చు, కానీ చాలాసార్లు కాదు. అందుకే నేను ముందు అడిగేది మసక ఎప్పుడు వస్తోందని. పెట్టుకున్న నిమిషం నుంచే ఉందా, రెప్ప వేసినప్పుడల్లా మారుతోందా, చదివేటప్పుడే వస్తోందా, సాయంత్రానికి మొదలవుతోందా? సగం కారణం ఆ జవాబులోనే దొరుకుతుంది.

కంట్లో నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, పుసులు కట్టడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక్కడ ఆగకండి. లెన్స్ తీసేసి చివరి భాగం చదవండి.

పెట్టుకున్న నిమిషం నుంచే మసక

అరచేతిని అడ్డం పెట్టి ఒక్కో కన్ను విడిగా చూడండి. కంటిని నొక్కవద్దు. చీపురుపల్లి నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని రెండు కళ్లూ మసకేనని గట్టిగా చెప్పింది. విడివిడిగా చూపిస్తే ఎడమ కంటికి చార్టులో పై రెండు వరుసలే అందాయి. కుడి కంటికి చివరి వరుస దాకా కనిపిస్తోంది కానీ కణత లాగేస్తోందన్నది. ఆమె చీటీలో కుడికి మైనస్ 1.50, ఎడమకు మైనస్ 3.25. లెన్సులు అటుదిటు, ఇటుదటు అయ్యాయి, అంతే. సొల్యూషన్‌తో కడిగి మార్చి పెట్టగానే కిటికీలోంచి ఎదురు దుకాణం బోర్డు చదివేసింది. ఎప్పుడూ కుడి కంటితోనే మొదలుపెట్టండి. డబ్బీ మూతలు రెండూ ఒకేసారి తెరవకండి.

తర్వాత చూడాల్సింది లెన్స్ తిరగబడిందేమోనని. వేలి కొన మీద నిలబెట్టి పక్కనుంచి చూస్తే సరైన లెన్స్ చిన్న గిన్నెలా ఉంటుంది. తిరగబడినది పళ్లెంలా అంచులు బయటికి పరుచుకుంటుంది. అప్పటికీ తెలియకపోతే రెండు వేళ్ల మధ్య కజ్జికాయలా మెల్లగా మడవండి. అంచులు లోపలికి కలుసుకుంటే సరే, బయటికి విచ్చుకుంటే తిప్పాలి. తిరగబడిన లెన్స్ మసకతోపాటు నలుసు పడినట్టు గుచ్చుతుంది కూడా.

రెండూ సరిగ్గానే ఉంటే అప్పుడు పవర్ సంగతి. కళ్లజోడు అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్స్ కంటి మీదే కూర్చుంటుంది. అందువల్ల నంబరు 4 దాటినవారికి కళ్లజోడు చీటీలోని పవర్‌ను అలాగే లెన్స్‌కు ఇవ్వకూడదు. జోడు మైనస్ 6.00 అయితే లెన్స్ మైనస్ 5.50 దగ్గరికి, మైనస్ 8.00 అయితే మైనస్ 7.25 దగ్గరికి తగ్గుతుంది. ప్లస్ పవర్ అయితే దీనికి విరుద్ధంగా పెరుగుతుంది. కళ్లజోడు చీటీ ఫొటో పంపి లెన్సులు తెప్పించుకునేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. లెన్స్‌కు వేరే చీటీ రాయించుకోండి.

ఇంట్లో చేసుకోదగిన చిన్న పరీక్ష ఒకటుంది. పాత శుభలేఖ అట్టకు గుండుసూదితో ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, దానిలోంచి ఒక్కో కంటితో దూరపు అక్షరాలు చూడండి. రంధ్రంలోంచి స్పష్టంగా కనిపిస్తే లోపం పవర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు కూడా మసకగానే ఉంటే లెన్స్ మీద పొరనో, కంటిలోని ఇబ్బందినో అనుమానించాలి.

అక్షరం పక్కన నీడ

'బ', 'భ' తేడా తెలియడం లేదు, ప్రతి గీతకూ జత గీత కనిపిస్తోంది అంటే సిలిండర్ పవర్ గుర్తుకు రావాలి. కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనివారికి ఒక కోణంలో ఇచ్చే పవర్ అది. మీ చీటీలో సిలిండర్ ఉండి మామూలు లెన్స్ ఇచ్చి ఉంటే ఆ నీడ పోదు. సిలిండర్ లెన్స్ పెట్టుకున్నా అది కంట్లో తిరిగిపోతే ఇదే బాధ. 30 డిగ్రీలు తిరిగితే ఆ సిలిండర్ ఉండీ లేనట్టే. పెట్టుకున్నాక పది, పదిహేను నిమిషాలు ఆగండి, కుదురుకుంటుంది. రోజూ తిరుగుతుంటే వేరే కొలత లెన్స్ కావాలి. అది మేము చూడాల్సిన పని.

రెప్ప వేస్తే మారే మసక

రెప్ప వేయగానే తేటపడి మళ్లీ మసకేస్తే కన్ను ఆరిపోతోందని అర్థం. ఫోను చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడం సగం మర్చిపోతాం. శ్రీకాకుళం నుంచి విశాఖ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడవునా గాలి కళ్లలోకే కొడుతుంది. లెన్సులతో వాడదగిన తడి చుక్కలు వేసుకోండి, సీటు మారండి. దీనికి భిన్నంగా, రెప్ప వేయగానే మసకేసి తర్వాత తేటపడితే లెన్స్ వదులుగా ఉండి జారుతోందేమో చూపించుకోవాలి.

ఎంతసేపైనా పాలపొరలా తెరకట్టి ఉంటే చేతులను చూసుకోండి. తలకు నూనె రాసిన వేళ్లు, లెన్స్ కంటే ముందు పెట్టిన కాటుక, క్రీము కలిసిన సబ్బు, ఏదైనా చాలు. లెన్స్ ముందు, కాటుక తర్వాత. ఆవకాయ కలిపిన రోజు కళ్లజోడే మేలు. పలాస వైపు జీడిపిక్కల పని చేసేవారికి ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను. పిక్క తొక్కులోని నూనె చర్మాన్నే పొక్కిస్తుంది, కంటిని వదలదు.

దూరం బాగుంది, చదవడమే కష్టం

నలభై దాటిన మైనస్ పవర్‌వారికి ఇది లెన్స్ లోపం కాదు, చత్వారం. ఇన్నాళ్లూ పేపరు చదివేటప్పుడు జోడు పైకి నెట్టుకునేవారు, లెన్స్‌ను అలా నెట్టలేరు. లెన్సుల మీద చదువుకునే అద్దాలు పెట్టుకోవచ్చు.

సాయంత్రానికి మసక, లేదా తీసేసినా మసక

దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తుంటే నల్లగుడ్డుకు గాలి చాలక ఉబ్బిందని అనుమానించాలి. గంటలు తగ్గించండి, లెన్సులతో నిద్రపోకండి, పరీక్ష చేయించుకోండి.

లెన్స్ తీసి కళ్లజోడు పెట్టుకున్నాక కూడా ఆ కన్ను తేటపడకపోతే, లేదా నొప్పీ ఎరుపూ తోడైతే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కుళాయి నీళ్లతో లెన్స్ కడిగినా, కళింగపట్నంలో లెన్సులతో సముద్రంలో దిగినా కంటిని తినేసే సూక్ష్మజీవులు చేరగలవు. ఇంట్లో మిగిలిపోయిన చుక్కలు వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఫంగస్ ఇన్ఫెక్షన్ మరింత ముదురుతుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో కంటి విభాగాలు ఉన్నాయి. తీసిన లెన్స్‌ను పారేయకుండా డబ్బీతో సహా తీసుకెళ్లండి. ఏ క్రిమి పట్టిందో తేల్చడానికి డాక్టరు దాన్నే పరీక్షకు పంపవచ్చు.