తొట్టి నీళ్లలో వెండి తీగ వేసే ముందు

ఎండలు ముదిరాక మన అనంతపురం పల్లెల్లో తొట్లకు పాచి పడుతుంది, జీవాలు పారుకుంటాయి. ఈ ఏడు మా చుట్టుపక్కల కాపర్లు కొందరు రెండు వెండి తీగలు బ్యాటరీకి తగిలించి, తొట్టి నీళ్లలో ముంచి, ఆ వెండి నీళ్లు గొర్రెలకు తాపుదామని చూస్తున్నారు. తొందరపడొద్దని నా మనవి.

నీళ్లలో కరెంటు పారితే ఒక తీగ నుంచి వెండి సన్నగా కరుగుతుంది, అది బ్యాక్టీరియాను చంపుతుంది. అంతవరకు నిజమే. అయితే అది బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ లాంటి ఉప్పు లేని నీళ్లలో బాగా జరిగే పని. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. గాజు గ్లాసులో మా బోరు నీళ్లు పోసి చూశాను. తీగ దగ్గర తెల్లటి పొగలాంటిది పుట్టి, మెల్లగా జారి అడుగున పేరుకుంది. ఎండలో పెడితే సాయంత్రానికి నల్లబడింది. వెండి ఉప్పుతో కలిసి సిల్వర్ క్లోరైడ్‌గా మారిందన్నమాట. ఇక నీళ్లలో మిగిలిన వెండి ఎంతో కంటితో చూసి ఎవరు చెప్పగలరు?

పాత కాళ్ల పట్టీలు, మొలతాడు ముక్కలు అసలే వాడొద్దు. వాటిలో రాగి కలిసి ఉంటుంది. ఆవు తట్టుకున్నంత రాగిని గొర్రె తట్టుకోలేదు. అది కాలేయంలో కొంచెం కొంచెం చేరి, ఒకనాడు ఉన్నట్టుండి మూత్రం ఎర్రగా, కళ్లు పచ్చగా మారతాయి. అప్పటికి చెయ్యి దాటిపోతుంది.

ఇంటి కరెంటు నుంచి వైరు లాగి తొట్టిలో వేయడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. మధ్యలో అడాప్టర్ పెట్టినా, నాసిరకందైతే లోపల కాలి 230 వోల్టులు నేరుగా నీళ్లలోకి వస్తాయి. మూతి పెట్టిన గొర్రె, తడి చేత్తో నిలబడ్డ మీ పిల్లవాడు, ఇద్దరికీ ప్రమాదమే.

ఇంకో మాట. నెమరువేసే జీవికి మేత అరిగించేవి మొదటి పొట్టలోని సూక్ష్మజీవులే. సూక్ష్మజీవులను చంపే నీళ్లు రోజూ పోయడం నాకు సబబుగా తోచదు. మనుషులు కూడా తాగొద్దు. వెండి ఒంట్లో పేరుకుంటే చర్మం బూడిద నీలంగా మారి, మళ్లీ మామూలు రంగుకు రాదు.

దాని బదులు వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, గోడలు పీచుతో రుద్ది, ఎండనిచ్చి సున్నం కొట్టండి. వెయ్యి లీటర్ల తేట నీటికి తాజా బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు చాలు. బకెట్లో కలిపి, మడ్డి దిగాక పైతేట మాత్రమే పోసి, గంట ఆగి జీవాలను వదలండి.

గొంతువాపు, చిటుక రోగం టీకాలు తొలకరికి ముందే వేయించాలి. పారుడు ఆగకపోతే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. డాక్టరు వచ్చినప్పుడు ఏ నీళ్లు తాపారో దాచకుండా చెప్పండి, వెండి నీళ్లు పోసి ఉంటే ఎన్ని రోజులు పోశారో కూడా.