అమెరికా యూనివర్సిటీ ల్యాబ్‌లోకి మీ కార్డు పనిచేయాలంటే

అనంతపురంలోనో కర్నూలులోనో చదివినవాళ్లకు ల్యాబ్ తాళం అటెండర్ దగ్గర ఉంటుంది. "అన్నా, ఒక్క అరగంట" అంటే తెరుస్తాడు. అమెరికాలో తలుపు పక్కనున్న కార్డు రీడర్‌కు ఈ మొహమాటాలు తెలియవు. మీ కార్డు నంబరుకు ఆ గది అనుమతి ఉందా లేదా, అంతే చూస్తుంది.

సగం చిక్కులు పేరు దగ్గరే మొదలవుతాయి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, వీసాలో మీ పేరంతా ఆ గడిలోకి పోయి, అసలు పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత కార్డులో ఒక పేరు, శిక్షణ రికార్డులో ఇంకో పేరు. వీసాకు ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

మనిషి రక్తంతో పనిచేసే ల్యాబ్ అయితే హెపటైటిస్ బి టీకా అడగొచ్చు. మామూలుగా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు కాబట్టి కడపలో ఉండగానే మొదలుపెట్టి, తేదీలతో కాగితం తీసుకెళ్లండి. టీబీ పరీక్ష అడిగితే ఇగ్రా అనే రక్తపరీక్ష చేయమనండి. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లకు చర్మపరీక్షలో ఇన్‌ఫెక్షన్ లేకున్నా పాజిటివ్ రావచ్చు.

అక్కడికి చేరాక వరస ఇంచుమించు ఒకటే: ముందు భద్రతా శిక్షణ, తర్వాత ప్రొఫెసర్ ఆమోదం, చివర కార్డుకు ఆ గది అనుమతి. ఆన్‌లైన్ శిక్షణకు యూనివర్సిటీ ఐడీతోనే లాగిన్ అవ్వండి. సొంత జీమెయిల్‌తో చేస్తే పాసైనా ఆ రికార్డు మీ ఖాతాకు చేరదు. ప్రొఫెసర్‌కు "యాక్సెస్ కావాలి" అని ఒక్క ముక్క రాస్తే నాలుగు మెయిళ్లు తిరుగుతాయి. భవనం, గది నంబరు, కార్డు నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, శిక్షణ సర్టిఫికెట్లు అన్నీ మొదటి మెయిల్‌లోనే పెట్టండి.

అనుమతి వచ్చిందన్నా ఎర్రలైటే వెలిగితే కంగారొద్దు. చాలాచోట్ల తలుపులకు అనుమతి ఉన్న కార్డుల కొత్త జాబితా రాత్రిపూట చేరుతుంది. మర్నాడూ అంతే అయితే గది నంబరు తప్పు పడిందేమో చూడండి. బాగా పనిచేసిన కార్డు ఉన్నట్టుండి ఆగితే సెమిస్టర్ గడువో, ఏటా చేయాల్సిన శిక్షణో అయిపోయి ఉంటుంది. లైటూ శబ్దమూ ఏదీ లేకపోతే కార్డే పాడైందేమో. తాడు కోసం దానికి రంధ్రం చేశారా? లోపలి తీగ తెగి ఉంటుంది.

మన ఊరి పిల్లోడే కదా అని వెనకాల వచ్చేవాణ్ని లోపలికి రానివ్వకండి, కార్డు అరువివ్వకండి. లోపల ఏం జరిగినా లాగ్‌లో, అంటే ఏ కార్డుతో తలుపు తెరిచారో ఉండే రికార్డులో, మీ పేరే ఉంటుంది. కార్డు పోతే వెతుకుతూ కూర్చోకుండా అదే గంటలో ఆపించండి.

చెప్పులు, షార్ట్స్ వేసుకుని వెళ్తే తలుపు తెరుచుకున్నా వెనక్కి పంపుతారు. ఉగ్గాణి డబ్బా ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టొద్దు, అది రసాయనాలది. కంటిలో ఏదైనా పడితే ఐవాష్ (కళ్లు కడుక్కునే కుళాయి) కింద 15 నిమిషాలు కడగాలి. అది ఎక్కడుందో మొదటిరోజే చూసిపెట్టుకోండి.