వానాకాలంలో నది ఒడ్డుకు వెళ్తున్నారా? ఎగువన ఏముందో ముందు కనుక్కోండి

వానలు పడ్డాక నదికి వచ్చే అందమే వేరు. ఎండాకాలమంతా ఇసుక తిన్నెలు తేలిన చోట నీళ్లు నిండుగా పారుతుంటాయి. ఒడ్డున ఉన్న హోటళ్లు, కాఫీ షాపులు కళకళలాడతాయి, సెలవు రోజుల్లో రూములు దొరకడమే కష్టం. వెళ్లొద్దని నేను చెప్పను. నది పక్కన కూర్చుని నలుగురితో కలిసి తినడం ఏడాదికి ఒక్కసారైనా అందరికీ దక్కాలని నా కోరిక. కాకపోతే నది ఒడ్డున వచ్చే ప్రమాదాల్లో చాలావరకు మన కళ్ల ముందు మొదలయ్యేవి కావు. ఎక్కడో పైన కురిసిన వాన, పైన ఎత్తిన గేటు, పై ఊళ్లో నదిలోకి వదిలిన మురుగు, ఇవన్నీ మనం దిగే రేవుకీ మనం తాగే గ్లాసుకీ వచ్చి చేరతాయి. అందుకని తినే చోటైనా, తాగే నీళ్లైనా, చూసే చోటైనా ముందు ఒకటే అడగండి: దీనికి ఎగువన ఏముంది?

బుక్ చేసే ముందు

మ్యాప్‌లో రేటింగ్ చూసి చోటు ఖాయం చేసేసుకుంటాం. ఆ రేటింగ్ ఏడాది మొత్తానిది, మీరు వెళ్లేది వానాకాలంలో. ఫొటోలో జనం పాదాలు తడిసేంత నీళ్లలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారంటే, ఆ ఫొటో ఏ నెలలో తీశారో చూడండి. రివ్యూల్లో కొత్తవి పైకి వచ్చేలా పెట్టుకుని గత మూడు నాలుగు వారాల్లో రాసినవే చదవండి. ‘కడుపు పాడైంది’, ‘దారి మునిగింది’, ‘కరెంటు లేదు’ లాంటి మాటలు ఒకటికి రెండుసార్లు కనిపిస్తే స్టార్లను పట్టించుకోకండి. కరెంటు గంటల తరబడి పోయే చోట ఫ్రిజ్‌లో పెట్టిన మాంసం, చేపలు, పాలు ఏ స్థితిలో ఉంటాయో ఊహించుకోవచ్చు.

తర్వాత ఫోన్ చేసి మాట్లాడండి. దారిలో నీళ్లు పొంగే కల్వర్టు, కాజ్‌వే ఏమైనా ఉన్నాయా? ఈ మధ్య నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? రాత్రిపూట పెరిగితే అతిథులను ఎటు పంపిస్తారు? ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా ‘వెనక గేటు నుంచి రోడ్డు మీదికి’ అని చెప్పారంటే వాళ్లకు ఒక ఆలోచన ఉన్నట్టే. ‘ఏం కాదండీ, మేమున్నాం కదా’ అన్నారంటే నేనైతే ఇంకో చోటు చూసుకుంటాను.

కాజ్‌వే గురించి అడగమనడానికి కారణం ఉంది. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవాళ్లను పడగొట్టగలవు. 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలిపోవచ్చు, 60 సెంటీమీటర్లకు పెద్ద బండ్లు కూడా కొట్టుకుపోతాయి. పైగా బురద నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి చూస్తే తెలియదు. ముందు బండి దాటింది కదా అని మీరు దాటకండి. టేబుల్ బుక్ చేసిన డబ్బులు పోతే పోనివ్వండి.

ఇక్కడ వాన లేదు కదా అనుకోవద్దు

అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, బండరాళ్ల మధ్య నీళ్లు సన్నగా పారుతుంటాయి, అందరూ నది మధ్యలోకి వెళ్లి ఫొటోలు దిగుతుంటారు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది దగ్గర జరిగింది ఇదే. ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదలడంతో నది ఒక్కసారిగా పెరిగి, విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. నీళ్లు పెరగడానికి అక్కడ వాన పడాల్సిన పని లేదు.

కాబట్టి మీరు వెళ్లే చోటుకు ఎగువన డ్యామ్ గానీ బ్యారేజీ గానీ ఉందేమో మ్యాప్‌లో నదిని పైకి జరుపుకుంటూ చూడండి. ఉంటే గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగుతుందా, ఎలా తెలుస్తుంది అని స్థానికులను అడగండి. ఒడ్డుకు చేరగానే ఒక చిన్న పని చేయండి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి, లేదా అంచుకు సరిగ్గా తగిలేలా ఒక రాయి పెట్టండి. పది నిమిషాలకోసారి దాని వంక చూడండి. రాయి తడిసి మునిగిందంటే నీళ్లు పెరుగుతున్నట్టే. తేటగా ఉన్న నీళ్లు మట్టి రంగుకు తిరగడం, ఆకులు, కొమ్మలు, చెత్త కొట్టుకురావడం, నీళ్ల చప్పుడు పెద్దదవడం కూడా అలాంటి గుర్తులే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చెప్పులు, బ్యాగులు ఏరుకుంటూ నిలబడకుండా పిల్లలను పట్టుకుని ఒడ్డెక్కాలి. నదికి అడ్డంగా దాటకండి, ఎత్తుకు వెళ్లండి.

ఇసుక దిబ్బల మీద, నది మధ్య రాళ్ల మీద టెంట్ వేసుకోవడం మాత్రం ఈ కాలంలో పూర్తిగా మానేయండి. నిద్రలో ఉన్నవాళ్లకు ఏ గుర్తూ కనిపించదు.

ప్లేటులోకి ఏం వస్తోంది

వానాకాలంలో పొలాలు, వీధులు, మరుగుదొడ్లు అన్నీ కడుక్కుని వచ్చిన నీళ్లు నదిలో కలుస్తాయి. ఒడ్డున ఉండే చిన్న హోటళ్లలో బోర్లు, బావులు కూడా నది పక్కనే ఉంటాయి, వరద ఎక్కితే ఆ నీళ్లు వాటిలోకి దిగుతాయి. అందుకని వండిన పదార్థం కంటే దాన్ని దేనితో కడిగారన్నది ముఖ్యం. పొగలు కక్కుతూ వచ్చింది తినండి. కోసి ఉంచిన పండ్లు, పచ్చి కూరగాయ ముక్కలు, పైన చల్లిన పచ్చి ఆకులు పక్కన పెట్టండి. పండు తినాలనిపిస్తే తొక్క ఉన్నదే కొని మీరే ఒలుచుకోండి.

బఫే అంటే నాకు ఎప్పుడూ అనుమానమే. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ అందులో బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. అలా రెండు గంటలకు మించి ఉంచకూడదు, బయట వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మూత తీసినప్పుడు ఆవిరి రాకపోతే, గిన్నె కింద మంట ఆరిపోయి ఉంటే దాన్ని వదిలేయండి. జనం వచ్చే వేళకే వెళ్లి తింటే సగం బెంగ తీరినట్టే, గిన్నెలు ఖాళీ అవుతుంటాయి, కొత్తవి వస్తుంటాయి.

నది దగ్గర చేప తినకుండా ఎవరు ఉంటారు? తినండి, అయితే వండక ముందు చూపించమని అడగండి. కళ్లు తేటగా, ఉబ్బెత్తుగా ఉండాలి. మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే కండ వెంటనే పైకి రావాలి, సొట్ట పడి ఉండిపోకూడదు. బాగా ఉడికిందే తినాలి. మంచినీటి చేపలను పచ్చిగా, సగం కాల్చి తింటే కాలేయానికి పట్టే పరాన్నజీవులు, మంచినీటి పీతలను అలా తింటే ఊపిరితిత్తులకు పట్టేవి ఒంట్లోకి చేరతాయి. పైన మాడి లోపల పచ్చిగా ఉండేలా కాల్చడంతోనే ఈ ఇబ్బంది. ముల్లు దగ్గర కండ విప్పి చూడండి, గాజులా మెరుస్తుంటే మళ్లీ పొయ్యి మీదికి పంపండి. మొహమాటపడాల్సిన పని లేదు.

గ్లాసు, బాటిల్, ఐసు

నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన మంచివి కావు. బాటిల్ కొంటే మూత తిప్పేటప్పుడు రింగు చిటుక్కుమని విరగాలి. రింగు ముందే ఊడి ఉన్నా, మూత వదులుగా తిరిగినా వెనక్కి ఇచ్చేయండి. ఖాళీ బాటిళ్లు నింపి అమ్మేవాళ్లు రద్దీ రోజుల్లోనే బయలుదేరతారు. తాగేశాక మీ బాటిల్‌ను నలిపి పారేయండి.

నీళ్లు బాగా తెర్లేలా ఒక నిమిషం మరిగిస్తే చాలు, సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉన్న కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు. మట్టి నీళ్లైతే ముందు తేరనిచ్చి, గుడ్డతో వడకట్టి మరిగించండి. క్లోరిన్ బిళ్ల వేస్తే కనీసం అరగంట ఆగాలి, అయినా క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులు దానికి లొంగవు. అన్నిటికంటే మరిగించడమే నమ్మకం. అయితే ఒక్క చోట అదీ పనిచేయదు. నీళ్లు కదలని మడుగుల్లో ఆకుపచ్చ రంగు పొర, పెయింటు ఒలికినట్టు తేలుతుంటే అది విషపు నాచు కావచ్చు. దాని విషం మరిగించినా పోదు. ఆ నీళ్లు తాగడానికే కాదు, దిగడానికీ, పెంపుడు కుక్కను దింపడానికీ పనికిరావు.

ఐసును అందరూ మర్చిపోతారు. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. బాటిల్ నీళ్లే తాగుతూ, జ్యూస్‌లో మాత్రం ఊరూపేరూ లేని ఐసు వేయించుకుంటే ఆ జాగ్రత్తంతా దండగ. గ్లాసులు ఎలా కడుగుతున్నారో కూడా ఒకసారి చూడండి. ఒకే బకెట్‌లో ముంచి తీసి బోర్లిస్తుంటే బాటిల్‌లోంచే తాగండి.

మద్యం సంగతి సూటిగా చెబుతాను. తాగి నీళ్లలో దిగకండి, బోటెక్కకండి. లోతు అంచనా తప్పుతుంది, భయం పోతుంది, చలి తెలియకుండానే ఒంట్లో వేడి తగ్గిపోతుంది. లేబుల్ లేని సారా ఎవరు ఇచ్చినా వద్దు. అందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిస్తే రుచికీ వాసనకీ తెలియదు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు చూపు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. అది హ్యాంగోవర్ అని పడుకోబెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చూడటానికి వెళ్లే చోట్లు

జలపాతాల దగ్గర తడి రాళ్ల మీద పాచి ఉంటుంది, చెప్పులతో ఎక్కకండి. ఎత్తు నుంచి దూకకండి, నిరుడు లోతున్న చోట ఈసారి రాయి ఉండొచ్చు, మెడ విరిగితే జీవితాంతం మంచమే. వరద తాకిన ఒడ్డు పైకి గట్టిగానే కనిపిస్తుంది, కింద మట్టి కోసుకుపోయి ఉంటుంది. అంచున సెల్ఫీ దిగే వాళ్లతో సహా విరిగి పడుతుంది. చిన్న ఆనకట్టల మీదుగా నీళ్లు నున్నగా జారడం చూస్తే దిగాలనిపిస్తుంది. సరిగ్గా దాని కింద నీళ్లు వెనక్కి తిరుగుతూ మనిషిని లోపలే తిప్పుతుంటాయి, ఈత బాగా వచ్చినవాళ్లు కూడా బయటికి రాలేరు.

బోటెక్కితే లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకోవద్దు, తొడుక్కుని బకిల్స్ బిగించుకోండి. పిల్లలకు పిల్లల సైజే కావాలి. ఎంతమందికని బోర్డు మీద రాసి ఉందో చూసి, అంతకు మించి ఎక్కిస్తుంటే దిగిపోండి. ఏదో కనబడిందని అందరూ ఒకే పక్కకు పరిగెత్తకండి.

పిల్లల విషయంలో ఇంకో మాట. మునిగేవాళ్లు సాధారణంగా కేకలు వేయరు, చేతులూపరు. చప్పుడు లేకుండా మునుగుతారు. పదిమంది పెద్దవాళ్లున్న చోట ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ఎవరూ చూడరు. అందుకే ‘ఈ అరగంట నువ్వు, తర్వాత నేను’ అని పేరు పెట్టి అప్పగించండి. ఆ మనిషి ఫోన్ చూడకూడదు. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకకండి, తాడు గానీ, మూత బిగించిన ఖాళీ డబ్బా గానీ విసరండి. మీరే ప్రవాహంలో పడితే నిలబడాలని చూడకండి, రాళ్ల మధ్య కాలు ఇరుక్కుంటే లేవలేరు. వెల్లకిలా తేలుతూ కాళ్లు దిగువకు పెట్టి, మెల్లగా ఒడ్డు వైపు జరగండి.

ఇంటికొచ్చాక

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ తాగించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచానే, కొలత దాటకండి. రక్తం పడినా, మూత్రం ఆగినా, నీళ్లు నిలవనంతగా వాంతులవుతున్నా ఆసుపత్రికి వెళ్లాలి.

కొన్ని జబ్బులు ట్రిప్ మర్చిపోయాక బయటపడతాయి. వరద నీళ్లలో పుండున్న కాళ్లతో నడిచినవాళ్లకు ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ తరచుగా 5 నుంచి 14 రోజుల్లో, ఒక్కోసారి నెలకు కనిపిస్తుంది. కలుషితమైన నీళ్లతో వచ్చే కాలేయ జబ్బు హెపటైటిస్ ఇ రెండు నుంచి పది వారాలు తీసుకుంటుంది, గర్భిణులకు అది ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ కాలంలో నది ఒడ్డు భోజనాలకు తీసుకెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే డాక్టర్ అడిగేదాకా ఆగకండి. ఫలానా తేదీన ఫలానా నది దగ్గరికి వెళ్లాం, నీళ్లలో దిగాం, అక్కడే తిన్నాం అని మీరే ముందు చెప్పండి.