షుగర్ ఉన్నవారికి కీమో మొదలైతే కిడ్నీని కాపాడుకునేది ఇలా

ముందు ఒక భ్రమ వదిలించుకోవాలి. క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో చూస్తారు) నార్మల్‌గా ఉందంటే కిడ్నీ బాగున్నట్టు కాదు. దాదాపు సగం పనితనం పోయేదాకా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు. షుగర్ వల్ల వచ్చే దెబ్బను చాలామందిలో ముందుగా పట్టిచ్చేది మూత్రమే.

అందుకే విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏ ల్యాబ్‌కి వెళ్లినా మూత్రంలో ఏసీఆర్ (ప్రొటీన్ ఎంత పోతోందో చెప్పే పరీక్ష), రక్తంలో క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే అంచనా) చేయమని అడగండి. ఏసీఆర్‌కి పొద్దున్నే పోసే తొలి మూత్రం ఇవ్వాలి. ఏసీఆర్ 30 (mg/g) లోపు ఉంటే సరే. 30 నుంచి 300 మధ్య హెచ్చరిక, ఆపైన గట్టి నష్టం. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు ఇస్తే లేని జబ్బు చూపిస్తుంది. కాబట్టి ఒక్క రిపోర్టుతో బెంబేలెత్తకుండా మళ్లీ చేయించండి. టైప్ 2 వాళ్లకు షుగర్ బయటపడ్డ రోజు నుంచే ఏటా ఈ పరీక్ష ఉండాలి.

మూత్రంలో ప్రొటీన్ పోతుంటే డాక్టర్లు టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్ అనే బీపీ బిళ్ల రాస్తారు. అది బీపీని తగ్గించడమే కాదు, కిడ్నీ వడపోతల మీద ఒత్తిడినీ తగ్గిస్తుంది. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే కంగారు లేదు. చాలామంది అక్కడే భయపడి బిళ్ల మానేస్తారు, నష్టపోతారు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే అన్నిటికీ కలిపి ఒక చిన్న చెంచాడు. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం ఒకే కంచంలో చేరితే ఆ లెక్క దాటడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. సోడియం తక్కువని అమ్మే ఉప్పు కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ నీరసించినవాళ్లకు, పైన చెప్పిన బిళ్లలు వాడేవాళ్లకు అది గుండెకే ముప్పు.

ఇక కీమో. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు అయితే కిడ్నీకి నేరుగా దెబ్బ. అందుకే ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు, ప్రతి సైకిల్‌కి ముందు క్రియాటినిన్, మెగ్నీషియం చూస్తారు. అసలు ప్రమాదం ఇంటికొచ్చాకే. వాంతులు ఆగడానికి ఇచ్చే డెక్సామెథాసోన్ షుగర్‌ని పైకి లేపుతుంది. పరగడుపు రీడింగ్ బాగానే ఉంటుంది, మధ్యాహ్నం దాటాక పెరుగుతుంది. షుగర్ పెరిగితే మూత్రం ఎక్కువ పోతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, ఆ ఎండిన కిడ్నీ మీద కీమో మందు దెబ్బ మరింత పడుతుంది. కాబట్టి కీమో తర్వాత నాలుగైదు రోజులు భోజనం తర్వాత రెండు గంటలకు, రాత్రి తినేముందు తప్పక చూసుకోండి.

గుండె జబ్బు, కాళ్ల వాపు లేకపోతే రోజుకు రెండు నుంచి మూడు లీటర్ల నీళ్లు లీటరు సీసాతో కొలిచి తాగాలి. బెజవాడ ఎండల్లో దాహం వేసేదాకా ఆగొద్దు. వాంతులతో ఏదీ నిలవకపోయినా, విరేచనాలు పట్టుకున్నా, మూత్రం రోజుకు అర లీటరుకు తగ్గినా అదే రోజు ఆస్పత్రికి ఫోన్ చేయండి. షుగర్ బిళ్లలైన మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, ఇంకా టెల్మిసార్టాన్, నీరుపోయే బిళ్లలు తాత్కాలికంగా ఆపాలా అని అడగండి. తిండి సరిగా లేనప్పుడు డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటే షుగర్ మరీ ఎక్కువ లేకుండానే కీటోన్లు (రక్తాన్ని ఆమ్లంగా మార్చేవి) పెరగవచ్చు. ఇన్సులిన్ మాత్రం సొంతంగా పూర్తిగా మానకూడదు.

రంగు మందుతో సీటీ స్కాన్ ఉంటే ఈజీఎఫ్ఆర్ రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్లండి. అది 30 లోపు ఉంటే మెట్‌ఫార్మిన్ అసలు వాడకూడదు.

ఒళ్లునొప్పులకి మెడికల్ షాపులో ఇచ్చే బిళ్ల షీటు తిప్పి చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఉంటే వెనక్కిచ్చేయండి. పారాసెటమాల్ చాలామందికి సరిపోతుంది, కానీ కీమోలో జ్వరం 38 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటితే బిళ్లతో కప్పెట్టకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. భస్మాలు, పేరులేని పొడులు దగ్గరికే రానివ్వకండి.

మందు పెంచకుండానే, తిండి మారకుండానే షుగర్ తగ్గిపోతుంటే సంబరపడకండి. కిడ్నీ పనిచేయనప్పుడు ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మందులు ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతాయి. ఆ వారంలోనే ఈజీఎఫ్ఆర్ చేయించి, డోసు తగ్గించాలేమో అడగండి.