ఈస్ట్ కణం రెండయ్యే తీరు – 5వ పాఠం: పేరు నమ్మి మోసపోకండి

ఈసారి కణ విభజనని నడిపించే సైక్లిన్లనే ప్రొటీన్లు ఎలా నాశనమవుతాయో రాద్దామనుకున్నాను. పోయిన పాఠం ప్రశ్నకి వచ్చిన జవాబులు చూశాక మానుకున్నాను.

ప్రశ్న ఇదీ: మధ్యకి చీలి రెండయ్యే ఫిషన్ ఈస్ట్‌లో వీ1 ప్రొటీన్ మోతాదుకు మించి తయారైతే కణాలు ఏమవుతాయి? దాదాపు అందరూ 'చిన్నవైపోతాయి' అనే రాశారు. 'వీ అంటే స్కాట్లండ్ వాళ్ళ మాటలో చిన్నది అని మీరే చెప్పారుగా' అని సాక్ష్యం కూడా. చెప్పాను. సగం తప్పు నాదే.

సీడీసీ2 అనే కైనేజ్ (వేరే ప్రొటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) పనిచేస్తేనే కణం విభజన దశ అయిన మైటోసిస్‌లోకి వెళుతుంది. దానికి సైక్లిన్ తోడుండాలన్నది మూడో పాఠంలోనే అయిపోయింది, మళ్ళీ చెప్పను. సీడీసీ2లో 15వ స్థానంలోని అమైనో ఆమ్లం టైరోసిన్‌కి వీ1 ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. గొళ్ళెం పడినట్టే. సీడీసీ25 అనే ఇంకో ప్రొటీన్ వచ్చి ఆ ఫాస్ఫేట్‌ని ఊడదీస్తే గొళ్ళెం తీసినట్టు. అయితే గొళ్ళెం పడింది విభజనకే, పెరుగుదలకి కాదు. ఆగినంతసేపూ కణం పొడవు పెరుగుతూనే ఉంటుంది. మీరు జారిపడింది ఇక్కడే.

మామూలు కణం దాదాపు 14 మైక్రాన్ల పొడవొచ్చాక విడిపోతుంది. వీ1 పాడైతే ఆగమనేవాళ్ళు లేక అందులో సగం పొడవుకే విడిపోతుంది. సీడీసీ25 పాడైతే విడిపోలేక పొడుగు పుల్లలా సాగుతుంది. వీ1 ఎక్కువైనా అంతే: ఆలస్యం, పొడుగు కణాలు.

మరి ఆ పేరెందుకు? 1970ల్లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పాల్ నర్స్ అనే శాస్త్రవేత్త పొట్టిగా ఉండగానే విడిపోతున్న మ్యూటెంట్లను (జన్యువు మారిన కణాలను) ఏరాడు. పేరు ఆ మ్యూటెంట్ రూపానిది. అంటే జన్యువు చెడితే ఏం కనబడిందో అదే జన్యువు పేరైంది. పళ్ళ ఈగల్లో 'వైట్' (తెలుపు) జన్యువు ఉంటేనే కళ్ళు ఎర్రగా ఉంటాయి, చెడితే తెలుపు. 'ఐలెస్' (కన్ను లేనిది) జన్యువు ఉంటేనే కన్ను ఏర్పడుతుంది. ఈ రంగంలో పేరు చూడగానే ముందు తిరగేసి చదవండి. పదేళ్ళుగా చెబుతున్నాను, పదేళ్ళుగా ఇదే తప్పు.

అంకెలతో ఇంకో తంటా. ఫిషన్ ఈస్ట్ సీడీసీ2కి, మొగ్గ తొడిగి రెండయ్యే బడ్డింగ్ ఈస్ట్‌లో అదే పని చేసే జోడీ సీడీసీ28. బడ్డింగ్ ఈస్ట్‌లోనూ ఒక సీడీసీ2 ఉంది గానీ అది డీఎన్‌ఏ పాలిమరేజ్, అంటే డీఎన్‌ఏకి నకలు తీసే ఎంజైమ్. అక్కడి సీడీసీ25 కూడా రాస్ అనే వేరే ప్రొటీన్‌ని ఉసిగొల్పేది, మన గొళ్ళెంతో దానికి సంబంధం లేదు. గొళ్ళెం తీసేదాన్ని అక్కడ మిహ్1 అంటారు. నేను నోట్సులో ఒక ఈస్ట్‌ని నీలం సిరాతో, రెండోదాన్ని ఎర్ర సిరాతో రాసుకుంటాను. నవ్వినా ఫర్వాలేదు, అలాగే చెయ్యండి.

అభ్యాసం. 25 డిగ్రీల దగ్గర బాగుండి, 36 డిగ్రీల దగ్గర పాడయ్యే సీడీసీ25 ఉన్న ఫిషన్ ఈస్ట్‌ని 4 గంటలు 36లో ఉంచి, మళ్ళీ 25కి దించారు. గంటగంటకీ కణాల బొమ్మలు గీయండి. దించాక కణాలు ఒక్కొక్కటిగా విడిపోతాయా, మూకుమ్మడిగానా? అదే ఈస్ట్‌లో వీ1ని కూడా తీసేస్తే 36లో బతుకుతుందా? వీ1 పనే చేసే మిక్1 అనే ఇంకో ప్రొటీన్ ఉంది. సీడీసీ25 బాగానే ఉండి, ఈ రెండూ లేకపోతే?

జవాబుల్లో 'వీ అంటే చిన్నది' అన్న ముక్క కనబడితే అక్కడితో చదవడం ఆపేస్తాను.